లెడ్ లేని పెట్రోలుతో పాత కారు: ముందు నోటుబుక్కు తెరవండి, ఆ తర్వాత ఇంజను

నా దగ్గర 1959 నాటి మోరిస్ మైనర్ ఉంది. నాన్న నడిపిన కారు. 948 సీసీ ఇంజను, ఒకే ఒక్క ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపే భాగం), మైళ్ళలో చూపించే మీటరు. అది నా చేతికి వచ్చేసరికి బంకుల్లో లెడ్, అంటే సీసం, కలిపిన పెట్రోలు లేదు. మొదటిసారి సర్వీసుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు: "అమ్మా, ఈ పెట్రోలు పోసి తిప్పితే ఆరు నెలల్లో వాల్వులు హెడ్డులోకి దిగిపోతాయి. ఇప్పుడే హెడ్డు విప్పించి సీట్లు మార్పించెయ్యండి." హెడ్డు అంటే ఇంజను పై మూత, వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకుని కూర్చునే అంచులే సీట్లు.

నేను ముప్పై ఏళ్ళు ఆడిటింగ్ చేసినదాన్ని. ఎవరైనా నష్టం వస్తుందంటే ఎంత, ఎప్పటి నుంచి, కాగితం ఏది అని అడగడం అలవాటైపోయింది. ఎంత దిగుతాయి, దిగుతున్నట్టు ఎలా తెలుస్తుంది అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి ఒక ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట), ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను. పాత కారున్న ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఇదే. కొలవకుండా హెడ్డు విప్పించకండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

అసలు సీసం పెట్రోల్లోకి ఎందుకు వచ్చిందో రెండు ముక్కల్లో చెబుతాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్జ్‌లీ టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను నాకింగ్ (లోపల పెట్రోలు అదుపు తప్పి మండి చప్పుడు చేయడం) ఆగిపోతుందని కనిపెట్టాడు. 1923 నుంచి అది అమ్మకానికి వచ్చింది. కలిపింది ఆక్టేన్ కోసమే, అంటే పెట్రోలుకి నాకింగ్‌ను తట్టుకునే శక్తి పెంచడానికి. ఇంకో ఉపకారం దానంతట అదే జరిగింది. మండిన సీసం ఎగ్జాస్ట్ వాల్వుకీ, అది కూర్చునే సీటుకీ మధ్య సన్నని పొరలా పేరుకుని రెండు లోహాలూ నేరుగా తగలకుండా చూసేది. అది విషమని తేలాక ఒక్కో దేశం మానేస్తూ వచ్చింది. 2021 జులైలో అల్జీరియా కూడా ఆపేయడంతో రోడ్డు మీది బండ్లకు లెడ్ పెట్రోలు ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది. కాబట్టి మన ముందున్నవి రెండే లెక్కలు: పోయిన ఆక్టేన్, పోయిన పొర. ఈ రెండూ వేరు వేరు. వీటిని కలిపి మాట్లాడేవాళ్ళ సలహా నేను వినను.

ముందు పొర సంగతి. పాత ఇంజన్లలో చాలావాటికి హెడ్డు పోత ఇనుముది. ఆ ఇనుములోనే సీటు చెక్కేసేవాళ్ళు, విడిగా రింగు ఉండదు. ఎర్రగా కాలిన వాల్వు నిమిషానికి వెయ్యికి పైగా సార్లు ఆ మెత్తటి ఇనుము మీద పడుతుంది. పొర లేకపోతే పడ్డప్పుడల్లా రెండూ సూదిమొనంత మేర అతుక్కుంటాయి, లేచేటప్పుడు ఆ కాస్త ఇనుమూ ఊడివస్తుంది. అలా సీటు అరిగి వాల్వు పైకి, హెడ్డులోకి జరుగుతుంది. ఇన్‌లెట్ వాల్వులకు ఈ బెంగ దాదాపు లేదు, లోపలికి వచ్చే చల్లటి గాలీ పెట్రోలూ వాటిని కాపాడతాయి. హెడ్డు అల్యూమినియందైతే సీట్లు ఎలాగూ విడిగా బిగించినవే, ఎక్కువ ఇంజన్లలో అవి తట్టుకుంటాయి. 1920ల కంటే ముందటి కార్లు లెడ్ పుట్టకముందే పుట్టాయి, వాటికి కంప్రెషన్ తక్కువ, వేగమూ తక్కువ. వాటి యజమానులు ఈ పేజీ మూసేసి హాయిగా నిద్రపోవచ్చు. లెడ్ మానేశాక వచ్చిన కార్లను లెడ్ లేని పెట్రోలు కోసమే తయారుచేశారు, ఓనర్స్ మాన్యువల్‌లో రాసే ఉంటుంది. టెన్షన్ అంతా మధ్యవాళ్ళది. అందులోనూ గట్టిగా తోలేవాళ్ళది.

ఇప్పుడు కొలత. మైనర్ లాంటి పుష్‌రాడ్ ఇంజన్లో సీటు అరిగితే వాల్వు కాడ పైకి వచ్చి, దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కి దగ్గరవుతుంది. అంటే ఆ రెంటి మధ్య సందు, టాపెట్ గ్యాప్, తగ్గుతుంది. మామూలు అరుగుదలకి గ్యాప్ పెరిగి టకటక మంటుంది. సీటు అరిగితే గ్యాప్ తగ్గి ఇంజను ఇంకా నిశ్శబ్దంగా నడుస్తుంది. నాకు అన్నిటికంటే భయం ఈ నిశ్శబ్దమే. శబ్దం లేదు కదా, బాగానే ఉంది అనుకుంటాం. చివరికి గ్యాప్ సున్నా అయి వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచు కాల్చేస్తుంది. హైడ్రాలిక్ టాపెట్లు ఉన్న ఇంజన్లు గ్యాప్‌ను తామే సర్దుకుంటాయి కాబట్టి ఈ పద్ధతి వాటికి పనికిరాదు, వాటిలో సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టే దిక్కు.

నా ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 12 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పన్నెండు, మిల్లీమీటర్లలో 0.30. మీ కారు అంకె మీ మాన్యువల్‌లో చూసుకోండి, చల్లగా కొలవాలా వేడిగానా అన్నది కూడా. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను మీద, నాలుగు ప్లగ్గులూ తీసేసి, హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పుతాను. ఎనిమిది వాల్వులకీ తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది కొలవాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది, అయిదోది తెరుచుకుంటే నాలుగోది. రెండూ కూడితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఈ ఇంజన్లో 1, 4, 5, 8 ఎగ్జాస్ట్‌వి, మిగతావి ఇన్‌లెట్‌వి. గేజ్ రేకు సందులో కాస్త పట్టుగా జారాలి. ఊరికే జారిపోయినా, బలం పెట్టి తోయాల్సి వచ్చినా ఆ కొలత రాయకండి.

ఒక ముఖ్యమైన సంగతి: ముందు ఉన్నది ఉన్నట్టు రాయండి, తర్వాతే సరిచేయండి. మెకానిక్కులు చూడగానే సరిచేసేస్తారు, పాత అంకె ఏమిటో ఎవరికీ తెలియదు. సాక్ష్యం అక్కడే పోతుంది. నా నోటుబుక్కులో ప్రతి వరసకీ తేదీ, మీటరు, ఎనిమిది అంకెలు, పక్కన ఆ మధ్య ఎలా తోలానో ఒక్క మాట.

మొదటి మూడేళ్ళలో 4,000 మైళ్ళు తిరిగింది. ఎక్కువగా ఆదివారాలు, గంటకు యాభై అరవై కిలోమీటర్ల వేగం. అయిదో వాల్వు ఒక థౌ తగ్గింది, రాసుకుని మళ్ళీ 12కి సరిచేశాను. మిగతా ఏడూ చెక్కుచెదరలేదు. సంబరపడ్డాను, పెద్దాయనకి చూపిద్దామనుకున్నాను కూడా. నాన్న అన్నేళ్ళు లెడ్ పెట్రోలు వాడిన పుణ్యం కొంత ఉంది లెండి. పాత పొర కొన్ని వేల మైళ్ళ వరకు కాస్తుంది. హెడ్డు విప్పి మసి గోకించినవాళ్ళకి ఆ పుణ్యం మిగలదు.

ఆ తర్వాత ఒక పెళ్ళి ప్రయాణం. నలుగురం, డిక్కీ నిండా సామాను, రెండు రోజులు, ఎక్కువ దూరం గంటకు 90 తగ్గకుండా. నాలుగో గేరులో 90 అంటే ఈ చిన్న ఇంజను నిమిషానికి 3,500 చుట్లు దాటి తిరుగుతోందన్నమాట. తిరిగొచ్చాక కొలిస్తే నాలుగోది 10, అయిదోది 9. ఒకటి, ఎనిమిది 12 దగ్గరే ఉన్నాయి. నాలుగూ అయిదూ మధ్యలో పక్కపక్కనే ఉండి ఒకే ఎగ్జాస్ట్ దారిని పంచుకుంటాయి, అక్కడే వేడి ఎక్కువ. మూడేళ్ళలో ఒక్క థౌ, రెండు రోజుల్లో మూడు. సీటు అరిగేది దూరానికి కాదు, దమ్ముకి. తెరిపి లేకుండా గంటల తరబడి తొక్కిపట్టడం దానికి పడదు. నెమ్మదిగా తోలితే ఏళ్ళ తరబడి ఏమీ కాకపోవచ్చు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నోటుబుక్కే చెప్పింది.

కాబట్టి మీ పని ఇది. వెయ్యి మైళ్ళకొకసారి కొలవండి, వేగంగా చేసిన ప్రతి దూరప్రయాణం తర్వాత ఇంకోసారి. ఎగ్జాస్ట్ గ్యాప్ ప్రతిసారీ తగ్గుతూ, ఇన్‌లెట్‌ది కదలకుండా ఉంటే అది సీటే. అనుమానం తీరకపోతే కంప్రెషన్ టెస్ట్ చేయండి: ఇంజను వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. ఒక సిలిండర్ అంకె తక్కువగా వస్తే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు పట్టడం లేదు, లేదా గ్యాస్కెట్టు పోయింది.

పెళ్ళి ప్రయాణం తర్వాత నేను సీసాల మందుకి వచ్చాను. లెడ్‌కి బదులుగా పెట్రోల్లో కలిపే ద్రవాలు నాలుగు జాతులు: పొటాషియం, సోడియం, ఫాస్ఫరస్, మాంగనీస్. నాలుగూ సీసం చేసిన పనే తమ తమ పద్ధతిలో చేస్తాయి. ఏది కొన్నా సీసా మీద ఏ జాతిదో చూసి రాసిపెట్టుకోండి, దానికే కట్టుబడండి. ఒకదాన్ని ఇంకొకదానితో కలపకూడదు. నేను ఒకటి అయిపోతే దొరికిన ఇంకొకటి పోశాను. తర్వాత ప్లగ్గులు తీస్తే ఇటుకపొడి అద్దినట్టు ఎర్రగా ఉన్నాయి. ఇంజను కాలిపోతోందని వారం రోజులు కారు తీయలేదు. తీరా చూస్తే రెండో సీసా మాంగనీసుది, ఆ పూత రంగే అంత. ప్లగ్గు రంగు చూసి కార్బొరేటర్ సర్దే అలవాటున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకోటి, లెడ్ రోజుల్లో పొగగొట్టం లోపల లేత బూడిద రంగులో ఉండేది. లెడ్ లేని పెట్రోలుతో నల్లగా ఉండటం మామూలే. నలుపు చూసి మిక్చర్‌లో (గాలీ పెట్రోలూ కలిసిన పాళ్ళలో) పెట్రోలు తగ్గించేస్తే ఉన్న వాల్వుకి మనమే నిప్పు పెట్టినట్టు.

కొలతకి సూది లేని సిరంజి వాడండి, మూతతో ఉజ్జాయింపుగా పోయకండి. ముందు మందు, తర్వాత పెట్రోలు, అప్పుడే బాగా కలుస్తుంది. రెట్టింపు పోస్తే రెట్టింపు రక్షణ రాదు. ట్యాంకులో వేసే తగరం గోళీలు, పైపుకి తగిలించే అయస్కాంతాలు కూడా అమ్ముతారు. ఒక గోళీల సంచి నేనూ కొన్నాను. ఆ ఏడాది నా అంకెలు దాన్ని పట్టించుకోనేలేదు, ఇప్పుడది కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డు పెట్టడానికి పనికొస్తోంది.

ఇక ఆక్టేన్. దీనికి మందు చాలా సులువు, అయినా జనం దీనికే ఎక్కువ భయపడతారు. మీ ఇంజను కంప్రెషన్ నిష్పత్తి 8.5 లోపు ఉంటే మామూలు పెట్రోలు సాధారణంగా సరిపోతుంది. 9 దాటితే 95 ఆక్టేన్ గానీ, ఇంకా పైది గానీ వెతుక్కోండి. తేడా చెవికే తెలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపిన శబ్దం వస్తే అది నాకింగ్. ముందు పై ఆక్టేన్ పెట్రోలు పోసి చూడండి. అప్పటికీ పోకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే వేళ) ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తేవాలి. నా కారు డిస్ట్రిబ్యూటర్‌కి పక్కన చిన్న గుండ్రటి మీట ఉంది, దాని మీద ఏ (ముందుకి), ఆర్ (వెనక్కి) అని రెండు గుర్తులు. ఆర్ వైపు కొంచెం తిప్పడం, అదే ఎత్తు మళ్ళీ ఎక్కడం. శబ్దం పోయిందనగానే ఆపేయండి. "ఎందుకైనా మంచిది" అని ఇంకాస్త వెనక్కి తిప్పితే మంట ఆలస్యంగా మండి ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. ఆ వేడి తగిలేది ఆ నాలుగు ఎగ్జాస్ట్ వాల్వులకే. ఒకటి కాపాడబోయి ఇంకొకటి చెడగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇంత చెప్పాను కానీ, నా కారును రోడ్డు మధ్యలో ఆపింది లెడ్ లేకపోవడం కాదు. వేలెడు రబ్బరు గొట్టం. ఇప్పటి పెట్రోల్లో చాలాచోట్ల ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు దానికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత పగులుతుంది. నా గొట్టం మీద అల్లిన గుడ్డ తొడుగు ఉంది, చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోయేది, లోపల ముక్కలైంది. పెట్రోలు వాసన వచ్చి ఆపి బానెట్ ఎత్తితే వేడి మ్యానిఫోల్డ్‌కి జానెడు దూరంలో చుక్కలు పడుతున్నాయి. ఆ రోజు నుంచి సీటు కింద మంటలార్పే సిలిండర్ ఉంటోంది.

అందుకే ఒక్కరోజే పని చేయడానికి ఓపిక ఉంటే వాల్వులు పక్కనపెట్టి గొట్టాలే మార్చండి. ఇథనాల్ తట్టుకునే రకం కొనండి, గొట్టం మీద ఎస్ఏఈ జే30ఆర్9 అని అచ్చు ఉంటుంది. గుడ్డ తొడుగు లేనిది తీసుకుంటే పగులు కంటికి కనబడుతుంది. పంపు డయాఫ్రం, కార్బొరేటర్ గ్యాస్కెట్లు కూడా చూడాలి. పాత ఎస్‌యూ కార్బొరేటర్లలో పెట్రోలు చిమ్మే జెట్టు చుట్టూ బెరడు (కార్క్) వాషర్లు ఉంటాయి, అవి కారడం మొదలుపెడితే మళ్ళీ కుదురుకోవు, కొత్తవే వేయాలి. ఇథనాల్ ట్యాంకులో ఏళ్ళ నాటి జిగురును కూడా కడిగేస్తుంది. మొదటి నెలల్లో ఫిల్టర్ రెండు మూడు సార్లు మూసుకుపోతే కంగారుపడకండి, అది మురికి వదులుతోందని అర్థం. లోపల కనిపించే ఫిల్టర్ పెట్టుకుంటే మంచిది.

ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్టుతో మిక్చర్ పలచబడుతుంది. పలచటి మిక్చర్ వేడిగా మండుతుంది, మళ్ళీ ఎగ్జాస్ట్ వాల్వులకే దెబ్బ. ఎస్‌యూలో జెట్టు నట్టును ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పితే మిక్చర్ చిక్కబడుతుంది. సరిపోయిందో లేదో చూడటానికి ఇంజను నడుస్తుండగా కార్బొరేటర్‌లోని పిస్టన్‌ను మిల్లీమీటరులోపు ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన. ఆగిపోబోతే పలచన. కాస్త పెరిగి మళ్ళీ దిగితే సరిగ్గా ఉంది. ఇథనాల్ నీటినీ పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, అక్కడ తుప్పు మొదలవుతుంది. నెలల తరబడి కారు తీయనివాళ్ళు పెట్రోలు దించేయడం మేలు.

హెడ్డు సంగతికి వస్తే, చివరికి నేనూ సీట్లు మార్పించాను. కానీ అందుకోసమని విప్పలేదు. హెడ్ గ్యాస్కెట్టు పోయింది, హెడ్డు ఎలాగూ బల్ల మీదికి వచ్చింది. అప్పుడు చేయించుకోవడమే తెలివి. హెడ్డు విప్పినప్పుడు ఒక జాగ్రత్త: ఆ మసిలో పాత సీసం ఉంటుంది. పొడిగా గోకి ఊదకండి, తడిపి తుడవండి, మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

లేత్ పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి. మొట్టమొదట పగుళ్ళ పరీక్ష. ఈ రకం ఇంజన్లలో ఎగ్జాస్ట్, ఇన్‌లెట్ సీట్ల మధ్యనున్న సన్నటి గోడ పగలడం కొత్తేమీ కాదు. పగిలిన హెడ్డుకి కొత్త సీట్లు పెట్టడం దండగ. రెండోది, సీటు కోసం గుంత తొలిచేటప్పుడు నీళ్ళ దారి ఎంత దగ్గరలో ఉందో వాళ్ళకి తెలుసా? మీ రకం హెడ్డు ఇంతకుముందు చేశారా అని మొహమాటం లేకుండా అడగండి. నేను వెళ్ళిన మొదటి చోట ఎనిమిదీ మారుస్తామన్నారు, ఇన్‌లెట్ ఎందుకంటే "ఒకే పనికి అయిపోతుంది కదమ్మా" అన్నారు. లేచి వచ్చేశాను. రెండో చోట నాలుగే మార్చారు. సీటు రింగును బాగా చల్లబరిచి, హెడ్డును వేడిచేసి బిగువుగా దించారు. చల్లారాక రింగు ఇక కదలదు. బిగువు చాలకపోతే నడుస్తుండగా ఊడి పడుతుంది, అప్పుడు పిస్టన్ కూడా పోతుంది. గట్టి సీటుకి తగ్గ గట్టి ఎగ్జాస్ట్ వాల్వులు కొత్తవి వేయించాలి, వాల్వు కాడ జారే గొట్టాలు, అంటే గైడ్లు, వదులుంటే అవి కూడా. వదులు గైడులో వాల్వు ఊగుతుంటే ఎంత గట్టి సీటైనా ఓ పక్కే అరుగుతుంది.

ఒకటి మాత్రం చాలామంది మరిచిపోతారు. హెడ్డు ముఖం సాపు చేయడానికి చెక్కిస్తే కంప్రెషన్ పెరుగుతుంది, నాకింగ్ మళ్ళీ వస్తుంది. ఎంత చెక్కారో అడిగి రాసుకోండి, ఆ తర్వాత టైమింగ్ మొదటి నుంచి చూసుకోండి. నాది పది థౌ చెక్కారు. ఎత్తు మీద గులకరాళ్ళు వినబడ్డాయి, మీట కొంచెం ఆర్ వైపు తిప్పితే పోయాయి.

బిగించిన 500 మైళ్ళకి టాపెట్లు కొలిచాను. కొత్త భాగాలు కుదురుకునేటప్పుడు ఒక థౌ అటూ ఇటూ అవుతుంది, సరిచేశాను. ఆ తర్వాత రెండు దూర ప్రయాణాలయ్యాయి, రెండోది ఆ పెళ్ళికి వెళ్ళిన దారిలోనే. అయిదో నంబరు 12. మందు సీసా ఒకటి సగం మిగిలింది, పాత హెడ్డుతోనే నడుపుతున్న స్నేహితురాలికి ఇచ్చేశాను, అది మాంగనీసుదని సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ.